నూవ్ షాపెల్ యుద్ధం (1915)

మొదటి ప్రపంచ యుద్ధంలో 1915 మార్చి 10 నుంచి 13 వరకు ఉత్తర ఫ్రాన్స్‌లోని నూవ్ షాపెల్ గ్రామం వద్ద బ్రిటిష్, జర్మన్ సైన్యాల మధ్య జరిగిన పోరాటం. దాడికి దిగిన బ్రిటిష్ బలగంలో దాదాపు సగం మీరట్, లాహోర్ డివిజన్ల భారత దళమే.

1914 చివరికే స్విట్జర్లాండ్ సరిహద్దు నుంచి ఉత్తర సముద్రం దాకా ఇరుపక్షాలూ కందకాలు తవ్వుకున్నాయి. పక్కనుంచి చుట్టుముట్టే దారి లేదు, ఎదురుగా పోవలసిందే. నూవ్ షాపెల్‌ది పల్లపు నేల, కొంచెం తవ్వితే నీరు ఊరేది. అందుకే కందకాల ముందు మట్టితో, ఇసుక బస్తాలతో గోడ పెంచేవారు. దాని ముందు ముళ్లకంచె, వెనక మెషిన్ గన్లు.

బ్రిటిష్ సేనాపతి డగ్లస్ హేగ్ విమానాల నుంచి తీసిన ఫొటోలతో జర్మన్ కందకాల పటాలు గీయించాడు. 10వ తేదీ ఉదయం ఫిరంగులు 35 నిమిషాలే కాల్చాయి. చిన్నవి కంచెను తెంపాయి, హోవిట్జర్లనే పెద్ద ఫిరంగులు గోడలను కూల్చాయి. ఆ పూటే గ్రామం చేజిక్కింది.

కందకంలో దిగాక పోరు తీరే వేరు. ఒక చివర నుంచి కాలిస్తే లోపలివారంతా బలికాకుండా కందకాన్ని వంకరలుగా తవ్వేవారు. ప్రతి మలుపు దగ్గరా ముందు బాంబు విసిరి, ఆ వెంటనే బయొనెట్‌తో దూకాలి. 39వ గఢ్వాల్ రైఫిల్స్ సైనికుడు గబర్ సింగ్ నేగీ అలా ప్రతి మలుపునూ అందరికంటే ముందు దాటుతూ శత్రువులు లొంగేదాకా తరిమి, ఆ పోరులోనే ప్రాణం విడిచాడు. మరణానంతరం ఆయనకు విక్టోరియా క్రాస్ దక్కింది.

ఉత్తరపు కొసన మాత్రం ఫిరంగులు ఆలస్యంగా చేరి గురి కుదరలేదు. తెగని కంచె ముందు స్కాటిష్ రైఫిల్స్, మిడిల్‌సెక్స్ పటాలాలు కుప్పకూలాయి. గ్రామం దాటినచోటా దాడి నిలిచిపోయింది. టెలిఫోన్ తీగలు తెగిపోవడంతో కబురు వెనక్కి చేరి, ఆజ్ఞ ముందుకు రావడానికి గంటలు పట్టింది. ఆలోగా జర్మన్లు అదనపు బలగాలు దించారు. 12న వారి ఎదురుదాడి విఫలమైనా, బ్రిటిష్ లక్ష్యమైన ఓబేర్ మెరక అందలేదు. దక్కింది కొద్దిపాటి నేలే. భారత దళంలో మృతులు, క్షతగాత్రులు, గల్లంతైనవారు కలిపి 4 వేలకు పైనే. 1927లో అక్కడ ఆవిష్కరించిన స్మారకంపై, పశ్చిమ యుద్ధరంగంలో మరణించి సమాధి తెలియని 4,700 మందికి పైగా భారతీయుల పేర్లున్నాయి.

ఈ యుద్ధం నుంచి సేనాపతులు సగం పాఠమే నేర్చారు. గుండ్లు చాలలేదనుకున్నారే గాని, కొద్దిసేపే కాల్చి శత్రువును ఏమరుపాటున పట్టడమే తొలి ఉదయపు బలమని గుర్తించలేదు. 1916లో సోమ్ వద్ద వారం రోజులు కాల్పులు జరిపి, దాడి రాబోతోందని తామే చాటారు. తొలిరోజే 57 వేల మందికి పైగా బ్రిటిష్ సైనికులు హతులో, క్షతగాత్రులో, గల్లంతో అయ్యారు. ముందస్తు కాల్పులు లేకుండా హఠాత్తుగా దాడి చేసే పద్ధతికి 1917 నవంబరులో కాంబ్రే వద్ద గాని బ్రిటిష్ సైన్యం రాలేదు.