పైసలకు బర్కతు

పెద్దవంగర, కొడకండ్ల, తొర్రూరు పక్క ఊళ్ళల్లో పైసల ముచ్చట మొదలైతే, కాసేపటికి బర్కతు అనే మాట వచ్చి తీరుతుంది. ‘గంతగనం సంపాయించె, ఏం బర్కతు?’ ‘ఆ ఇంట్ల ఏం పెట్టినా బర్కతు లేదు.’ ‘వాడు చేసే పనికి బర్కతైతదా?’ పెద్దవంగర 2016 అక్టోబరులో కొడకండ్ల నుంచి విడిపోయి సొంత మండలమైంది, వరంగల్‌ను వదిలి మహబూబాబాద్ జిల్లాలో చేరింది. మాట మాత్రం ఏ జిల్లాకు పోయినా అదే. పైసలుంటే సుఖముంటుందా అని పుస్తకాలడిగే ప్రశ్నను ఇక్కడివాళ్ళు ఆ రూపంలో అడగరు. పైసలున్నయా అని ఒకసారి, ఉన్నవాటికి బర్కతుందా అని ఇంకోసారి అడుగుతారు. రెండూ వేరు వేరు ప్రశ్నలని వాళ్ళకు తెలుసు.

మాట అరబ్బీది. బ, ర, క అనే మూడు హల్లుల ధాతువు. ఒంటె మోకాళ్ళు మడిచి నేల మీద కూర్చోవడాన్ని ఆ ధాతువుతోనే చెప్తారు. నీళ్ళు నిలిచిన మడుగు ‘బిర్కా’. దేవుడిచ్చిన మేలు, వృద్ధి ‘బరకా’. పండగనాడు చెప్పుకునే ముబారక్ ఈ ఇంటిదే. అమెరికా మాజీ అధ్యక్షుడు బరాక్ ఒబామాకు కెన్యా తండ్రి నుంచి వచ్చిన పేరు కూడా తిరిగి తిరిగి ఈ గడపకే చేరుతుంది. ఒంటె కూర్చుంది, నీరు నిలిచింది, మేలు కుదురుకుంది. మూడింటినీ కలిపే భావం నిలకడ. ఫారసీ, ఉర్దూల మీదుగా ఇది మన తెలుగులోకి వచ్చింది. జమ, ఖర్చు, వసూలు, బాకీ, కిస్తు, రసీదు కూడా ఆ దారినే వచ్చాయి గానీ అవి కచేరీ లెక్కల మాటలు. బర్కతు వంటింటి దాకా పోయింది. దీన్ని తెచ్చింది తహసీల్దారు కాదని, పీర్ల పండుగా దర్గాలూ అయ్యుంటాయని నా అనుమానం.

మడుగు అర్థం దగ్గర కాసేపు ఆగాలనిపిస్తుంది. పాకాల, రామప్ప, లక్నవరం చెరువులున్న సీమ ఇది. కాకతీయుల కాలం నుంచి ఇక్కడి సేద్యం కురిసిన వానను కట్ట వేసి ఆపుకోవడం మీదే నడిచింది. నిలిచిన నీటికీ నిలిచిన మేలుకూ ఒకటే మూలమున్న మాట ఎదురైతే, ఇటువంటి ఊళ్ళు దాన్ని పరాయిదనుకుంటాయా?

తెలుగులో ఇందుకు మాటలు లేక కాదు. కలిసిరావడం ఉంది, అందులో అదృష్టం పాలు ఎక్కువ. అచ్చిరావడం ఉంది, దానికి శకునం వాసన: ఆ ఎద్దు అచ్చిరాలేదు, ఆ దుకాణం అచ్చిరాలేదు. అన్నిటికన్నా దగ్గరిది ఒదుగు. పాత బియ్యం ఒదుగుతాయి, కొత్తవి ఒదగవు. అదే గిన్నెడు పోసినా పాతవైతే ఇంకో మనిషికి సరిపోతుంది. అయితే ఒదుగుకు కారణం బియ్యంలోనే ఉంది. బర్కతుకు కారణం పైసలో ఉండదు, అది వచ్చిన తొవ్వలో, పోయే తొవ్వలో ఉంటుంది. ఒకరి ఉసురు తగిలిన సొమ్ముకు బర్కతుండదంటారు. రెక్కల కష్టానికి ఉంటుందంటారు. ఐదు వందల నోటు రెండుచోట్లా ఒకటే, ఇల్లు మాత్రం ఒకటి కాదని వాళ్ళ నమ్మకం.

వడ్లు కొలిచేటప్పుడు మొదటి కొలతను ‘ఒకటి’ అనకుండా ‘లాభం’ అనే ఆనవాయితీ ఉంది. లాభం, రెండు, మూడు అని లెక్క సాగేది. లెక్క మొదలుకాకముందే గింజకు మేలు కోరుకోవడమన్నమాట. ఆ గింజ ఇంటికి చేరడమే గెలుపైన రోజులు ఈ చుట్టుపక్కల ఉన్నాయి. పాలకుర్తిలో చాకలి ఐలమ్మ కౌలుకు చేసిన పొలంలో పంటను విసునూరు దేశ్‌ముఖ్ ఎత్తుకుపోజూస్తే, ఆంధ్ర మహాసభ సంఘంవాళ్ళు దాన్ని ఆమె ఇంటికి చేర్చారు. ఇప్పుడు కొలత పోయి కాంటా వచ్చింది. కొనుగోలు కేంద్రం దగ్గర నిలబడితే లాభం అన్న పిలుపు వినబడదు, తరుగు అన్న మాటే వినబడుతుంది. బస్తాకు ఎంత తరుగు తీశారన్నదే అక్కడి పంచాయితీ.

ఇక మిత్తి. వడ్డీని ఇక్కడ మిత్తి అంటారు, అసలు–మిత్తి అని జంటగా. పాత నిఘంటువులు తెరిస్తే మిత్తికి మృత్యువు అన్న అర్థం కనిపిస్తుంది, అది మృత్యువుకు వికృతి. ఈ రెండు మిత్తులూ ఒకటేనని నేననను. వినబడడం ఒకలా ఉన్నంత మాత్రాన చుట్టరికం కలపడం పదచర్చలో పాత జబ్బు. కానీ 1997–98లో పత్తి పురుగు పాలై ఉమ్మడి వరంగల్ జిల్లాలో రైతులు వరసగా ప్రాణాలు తీసుకున్న సంవత్సరం తెలిసినవాళ్ళకు, ఆ నిఘంటువు పుట తిప్పినప్పుడు చెయ్యి ఒక క్షణం ఆగుతుంది. విత్తనం, మందు అప్పు మీద ఇచ్చే దుకాణమే పత్తి కూడా కొనే కాలమది. ధర వాళ్ళదే, మిత్తి వాళ్ళదే.

ఒక లెక్క చూద్దాం. మిరుగు, అంటే మృగశిర కార్తె నాటికి ఒకాయన లక్ష రూపాయలు తెచ్చాడనుకోండి, నూటికి రెండు రూపాయల మిత్తికి. నెలకు 2,000. పత్తి ఏరి, అమ్మి, పైసలు చేతికొచ్చేసరికి సంక్రాంతి. ఏడు నెలలకు 14,000. 2025 జనవరి నుంచి రైతుభరోసా కింద సర్కారు ఒక పంటకు ఎకరానికిస్తున్నది 6,000. రెండెకరాల ఆసామికి 12,000. అంటే సర్కారిచ్చిందంతా మిత్తికి పోయి, ఇంకో రెండు వేలు తనే వేసుకోవాలి. కౌలుదారైతే ఆ 12,000 కూడా పట్టాదారు ఖాతాలోనే పడతాయి. అదే లక్ష బ్యాంకు పంటరుణమైతే, చెప్పిన గడువుకు కట్టినవాళ్ళకు ఏడాదికి పడేది 4 శాతమే. నూటికి రెండంటే 24 శాతం. ‘రెండు రూపాలే గదా’ అనిపించేలా చెప్పడంలోనే ఉంది కిటుకంతా. నెల మాట చెప్తారు, ఏడాది మాట చెప్పరు.

2010లో మైక్రోఫైనాన్సు కంపెనీల గొడవ ముదిరినప్పుడు జరిగింది కూడా ఇలాంటిదే. పంట పైసలు ఏడాదికి ఒకటి రెండుసార్లు వస్తాయి, వాళ్ళ కిస్తు వారం వారం వచ్చేది. ఈ వారం కిస్తుకు ఇంకో కంపెనీ దగ్గర అప్పు, దాని కిస్తుకు పుస్తెలతాడు కుదువ. ఆ అక్టోబరులో ఉమ్మడి రాష్ట్ర సర్కారు తెచ్చిన ఆర్డినెన్సు వారం వసూళ్ళను నెలకు మార్చింది. రాబడి ఎప్పుడొస్తుందో, కట్టాల్సింది ఎప్పుడొస్తుందో ఈ రెండూ కలవకపోతే ఎంత వచ్చినా నిలవదని ఆ అప్పులు తీసుకున్న ఆడవాళ్ళు అప్పటికే చెప్తున్నారు. వాళ్ళు దానికి పెట్టిన పేరు బర్కతు లేకపోవడం.

పైసలుంటే సుఖముంటుందా అన్న ప్రశ్నను పెద్ద చదువులవాళ్ళు వేరేగా తవ్వారు. ఏటా 75,000 డాలర్ల రాబడి దాటాక రోజువారీ సంతోషం పెరగదని కానమన్, డీటన్ 2010లో అన్నారు. పెరుగుతూనే ఉందని కిల్లింగ్స్‌వర్త్ 2021లో అన్నాడు. 2023లో కానమన్, కిల్లింగ్స్‌వర్త్ ఒకచోట కూర్చొని, ఎక్కువమందికి పెరుగుతూనే ఉంటుంది, బాగా దిగులులో ఉన్న కొద్దిమందికే ఒక హద్దు దాటాక ఆగిపోతుందని తేల్చారు. ఆ డాలర్ల లెక్క మన కల్లం దగ్గర పనికి రాదు. మనకు పనికొచ్చేది 2013లో వచ్చిన ఇంకో పరిశోధన. తమిళనాడులో 464 మంది చెరుకు రైతులకు కోతకు ముందొకసారి, కోతయ్యాక ఒకసారి ఒకే రకం పరీక్షలు పెట్టారు. చేతిలో పైసలు లేని రోజుల్లో అదే మనిషి లెక్కల్లో, ఆలోచనలో తడబడ్డాడు. పైసలొచ్చాక బాగా చేశాడు. పైసలు సంతోషాన్ని కొంటాయో లేదో గానీ, నిమ్మళాన్ని కొంటాయి. నిమ్మళంగా ఉన్నవాడు మిత్తి లెక్క సరిగ్గా వేయగలడు.

పక్కనే బమ్మెర ఉంది కదా, రాజు సొమ్ము కాదని నాగలి పట్టిన పోతన ఊరు కదా, ఆ కథ చెప్పరేమని ఎవరైనా అడగొచ్చు. గొప్ప కథే. కానీ విత్తనం, ఎరువు, ట్రాక్టరు కిరాయి ముందే కట్టాల్సిన రైతుకు ఆ కథ వినిపించి ‘తృప్తిగా ఉండు’ అనడం నాకు సరిపడదు.

ఇంత మంచి మాటలో నాకు నచ్చని సంగతి ఒకటుంది. బర్కతు లేదన్నాక ఇక ఎవరూ లెక్క అడగరు. పైసలు ఎటు పోయాయన్న ప్రశ్నకు అది జవాబులా కూర్చుంటుంది. ఒంటె కూర్చున్నట్టే, లేవదు. మూడు రూపాయల మిత్తి, ప్రైవేటు దవాఖాన బిల్లు, ఎండిపోయిన మూడో బోరు, పెండ్లికి ఎత్తిన చిట్టీ, అన్నీ ఆ ఒక్క మాట వెనక దాక్కుంటాయి. తప్పు దేవుడిదో, తలరాతదో, మరీ అన్యాయంగా కొత్తగా వచ్చిన కోడలి అడుగుదో అయిపోతుంది. అప్పిచ్చినవాడి పేరు మాత్రం ఎక్కడా రాదు.

అందుకని ఈసారి మీ ఇంట్లో ఎవరైనా ‘పైసలకు బర్కతు లేదు’ అంటే తల ఊపి ఊరుకోకండి. ఎవరి దగ్గర ఎంత తెచ్చారో, నూటికి ఎన్ని రూపాయలో, ఏ నెల నుంచో ఆ రాత్రే కాయితం మీద రాయించండి. దాన్ని నెలకు కాకుండా ఏడాదికి కట్టి చూడండి, అన్నిటికన్నా పెద్ద మిత్తి ఉన్న బాకీని ముందు తీర్చండి.