పని ఆపించిన పునీతులు

మే 1న ఎర్రజెండాలు ఎగిరే పూటే కతోలిక గుళ్లలో శ్రామికుడైన పునీత యోసేపు పండుగ జరుగుతుంది. క్రీస్తును పెంచిన ఈ వడ్రంగినే తెలుగు కతోలికులు జోజప్ప అని పిలుచుకుంటారు. ఆయనొక్కడే కాదు, దాదాపు ప్రతి వృత్తికీ శ్రీసభలో ఒక పాలక పునీతుడు ఉన్నాడు. చెప్పులు కుట్టేవారికి క్రిస్పిన్, క్రిస్పీనియన్ సోదరులు, కంసాలులకు ఎలీజియస్, చిత్రకారులకు లూకా, గని కార్మికులకు బార్బరా. 1923లో పాత్రికేయులకు ఫ్రాన్సిస్ డి సేల్స్‌ను, 2000లో రాజకీయ నాయకులకు థామస్ మోర్‌ను పోపులే ప్రకటించారు. వీరందరినీ చూపి ఇవాళ చెప్పే నీతి తరచుగా ఒకటే: వారిలా నోరు మెదపకుండా కష్టపడండి. ఈ ఆచారం పుట్టుక చూస్తే మాత్రం ఆ నీతి తలకిందులవుతుంది. పనివాళ్లు పునీతుణ్ణి తెచ్చుకున్నది పని ఆపే రోజు కోసం, మంచాన పడితే ఆదుకునే చేయి కోసం, ఊళ్లో తలెత్తుకుని నిలబడే చోటు కోసం.

మధ్యయుగపు ఐరోపా నగరాల్లో గిల్డులనే వృత్తి సంఘాలు ఈ ఆచారానికి పుట్టిల్లు. సంఘం ఒక పునీతుణ్ణి ఎంచుకునేది, గుడిలో ఆయన పేర పీఠం నిలిపేది, కొవ్వొత్తులకు చందా వసూలు చేసేది. ఆ చందా పెట్టె నుంచే రోగంతో పడిపోయిన సభ్యుడికి సాయం, చనిపోయినవాడికి అంత్యక్రియలు, వితంతువుకు ఆసరా అందేవి. ఎంపికలో వేదాంతుల ప్రమేయం తక్కువని ఆ జతలే చెబుతాయి. చర్మం ఒలిపించి చంపారని సంప్రదాయం చెప్పే బర్తొలొమయి తోలు పనివాళ్లకు పాలకుడయ్యాడు. ఇనుప కమ్మీల చట్రంపై కాల్చి చంపారన్న లారెన్స్ వంటవాళ్లకు దక్కాడు. చక్రంతో హింసించబోయారన్న కేథరిన్ చక్రాలు చేసేవారి పాలైంది. ఏ దైవశాస్త్ర గ్రంథమూ ఇలా జత కట్టదు, తమ పనిముట్టును పునీతుడి కథలో గుర్తుపట్టిన పనివాడే కడతాడు. ఫ్లోరెన్స్‌లోని ఓర్సన్‌మికేలే గుడి గోడ గూళ్లలో 15వ శతాబ్దపు తొలినాళ్లలో సంఘాలు పోటీపడి విగ్రహాలు పెట్టించాయి. నార బట్టల సంఘానికి డోనాటెల్లో పునీత మార్కును చెక్కాడు. రాతి, కొయ్య పనివాళ్ల సంఘానికి నాన్నీ ది బాంకో నలుగురు పునీతులను చెక్కి, వారి పాదాల కింద గోడ కట్టే మేస్త్రీని, బొమ్మ చెక్కే శిల్పినీ పెట్టాడు. పునీతుడి నీడన పనివాడి బొమ్మ కూడా నగరం నడిబొడ్డుకు చేరింది.

పాలక పునీతుడి పండుగంటే దుకాణం మూత. మన దగ్గర దసరాకు ఆయుధపూజ చేసిన పనిముట్టును ఆ రోజు ముట్టుకోరు కదా, అదే పద్ధతి. ఊరి పునీతులవీ సంఘం పునీతులవీ కలిసి ఆదివారాలకు తోడు ఏడాదిలో చాలా రోజులు సెలవులయ్యేవి. అది చాలదన్నట్టు చేతివృత్తులవాళ్లు సోమవారాన్ని కూడా వేళాకోళంగా ‘పునీత సోమవారం’ చేసి, ఆదివారం విందు బడలిక తీర్చుకునేవారు. చివరికి 1642లో పోపు 8వ అర్బన్ తప్పనిసరి పండుగల జాబితాను కుదించాల్సి వచ్చింది. ఇక్కడే ఒక గట్టి అభ్యంతరం ఉంది. సెలవు కూలివాడి పొట్ట కొట్టదా? 17వ శతాబ్దపు ఫ్రెంచి కవి లా ఫాంతేన్ కథలో చెప్పులు కుట్టేవాడి గోడు అదే: గురువు ప్రసంగంలో ఎప్పుడూ ఎవరో ఒక కొత్త పునీతుడు వచ్చిపడి తన సంపాదన పోతోందని. ఆ గోడు నిజమే. కానీ అతణ్ణి ముంచింది విశ్రాంతి కాదు, కూలి లేని విశ్రాంతి. తర్వాతి కాలపు కార్మికులు సెలవు దినానికి వేతనం కోరింది ఈ చిక్కు విప్పడానికే.

శ్రామిక పునీతుల కథలే ఈ వాదానికి మరో సాక్ష్యం. మాడ్రిడ్ పాలకుడు ఇసిడోర్ 12వ శతాబ్దానికి చెందిన పాలేరు. పొద్దున్నే గుడికి వెళ్లి పొలానికి ఆలస్యంగా వస్తున్నాడని తోటివాళ్లు యజమానికి చాడీలు చెప్పారట. యజమాని వెళ్లి చూస్తే దేవదూతలు అరక దున్నుతున్నారట. అతణ్ణి 1622లో ఇగ్నేషియస్ లొయోలా, ఫ్రాన్సిస్ జేవియర్‌ల సరసన పునీతుడిగా ప్రకటించారు. లుక్కా నగరపు పనిమనిషి జీతా ప్రార్థనలో మునిగిపోతే దేవదూతలు రొట్టెలు కాల్చారని కథ. ఇద్దరూ పనిదొంగలు కారు, ఇద్దరి గురించీ కథలు మంచి పనివాళ్లనే చెబుతాయి. అయినా జనం తరాల తరబడి చెప్పుకున్న అద్భుతం మాత్రం పనివేళలో పనికి దూరంగా ఉన్న ఘడియది. యజమాని లెక్కలో పోయిన ఆ గంట దేవుడి లెక్కలో పోలేదన్నదే దాని సారం.

మరి నోరెత్తని కష్టజీవి బొమ్మ ఎక్కడిది? 1791లో ఫ్రాన్సు లె షాపెలియే చట్టంతో వృత్తి సంఘాలను నిషేధించింది. మిగతా దేశాల్లోనూ అవి క్రమంగా కూలాయి. సంఘం పోయి పునీతుడు మిగిలాడు, చందా పెట్టె పోయి పటం మిగిలింది. 1889లో పోపు 13వ లియో యోసేపును శ్రామికులకు ఆదర్శంగా చూపుతూ, తిరుగుబాటుదారుల మాటలు నమ్మవద్దని హెచ్చరించాడు. 1937లో 11వ పయస్ కమ్యూనిజంపై పోరును యోసేపు రక్షణలో ఉంచాడు. 1955లో 12వ పయస్ ఇటలీ కతోలిక కార్మికుల సభలో మే 1ని యోసేపు పండుగగా ప్రకటించాడు. మే డేను లాక్కోవడానికే ఈ పండుగ పెట్టారన్న విమర్శలో నిజముంది. అయితే ఆ తేదీని ఎంచింది కార్మికులే. 1886లో ఎనిమిది గంటల పనిదినం కోసం షికాగోలో జరిగిన సమ్మె, 1889లో పారిస్ సోషలిస్టు మహాసభ దానికి మూలం. గిల్డుల కాలంలోలాగే ఈసారీ పనివాళ్లు ముందు నడిచారు, శ్రీసభ వెనక వచ్చింది. పైగా అదే లియో 1891లో ‘రేరుమ్ నొవారుమ్’ లేఖలో పాత సంఘాలు పోయి కార్మికుడు దిక్కులేనివాడయ్యాడని వాపోయాడు. న్యాయమైన కూలి, ఆదివారపు విశ్రాంతి, సంఘం పెట్టుకునే హక్కు కావాలన్నాడు. ఆ లేఖను పక్కనపెట్టి యోసేపు మౌనాన్ని మాత్రమే చూపితే సగం బోధే చెప్పినట్టు.

ఇవన్నీ కట్టుకథలు, వీటిపై హక్కులు నిలుస్తాయా అని హేతువాదులు అడగవచ్చు. బార్బరా చరిత్రకు ఆధారాలు లేవని 1969లో రోమ్ తానే ఆమెను సార్వత్రిక క్యాలెండరు నుంచి తీసేసింది. అయినా 2016లో ప్రారంభమైన 57 కిలోమీటర్ల గొట్టార్డ్ సొరంగం తవ్వినవాళ్లు ఆమెను వదల్లేదు. ఆ పనిలో తొమ్మిదిమంది చనిపోయారు. డిసెంబరు 4న ఆమె పండుగకు పని ఆపి కలుసుకోవడం సొరంగం కార్మికుల సంప్రదాయం. కథలో నిజమెంతైనా ఆ రోజు దొరికే విశ్రాంతి నిజం, పక్కవాడు తోడున్నాడన్న ధైర్యం నిజం. గిల్డులు స్త్రీలనూ బయటివారినీ తరచుగా గడప తొక్కనివ్వలేదన్న తప్పూ అంతే నిజం. దానికి దిద్దుబాటు సంఘం తలుపు అందరికీ తెరవడం, సంఘాన్నే ఎత్తేయడం కాదు.

కార్ఖానాలోనో ఆఫీసులోనో జోజప్ప పటం పెట్టే యజమాని, మే 1న ఆయన గురించి ప్రసంగించే గురువు ఈ చరిత్రను గుర్తుంచుకోవాలి. పటం పెట్టిన చోట కూలితో కూడిన సెలవు, ఆపదకు సాయనిధి, సంఘం పెట్టుకునే స్వేచ్ఛ ఉంటేనే ఆ పునీతుడు పనివాడికి పాలకుడు. అవి లేని చోట ఆయన గోడకు అలంకారం మాత్రమే.