నాపామ్ అనే సబ్బు కథ

సబ్బంటే మనందరికీ తెలిసింది సోడియం సబ్బే. కొవ్వు ఆమ్లానికి సోడియం తగిలిస్తే వచ్చే లవణం. నీళ్ళలో కరుగుతుంది, జిడ్డు వదిలిస్తుంది. ఆ సోడియం స్థానంలో అల్యూమినియం పెట్టారనుకోండి, కెమిస్ట్రీ లెక్కల్లో అదీ సబ్బే, కానీ గుణం తిరగబడుతుంది. నీళ్ళలో కరగదు సరికదా, నూనెలో, పెట్రోలులో కలిపితే వాటిని జిగురులా చిక్కబరుస్తుంది. అందుకే అల్యూమినియం స్టియరేటుని గ్రీజుల్లో, పెయింట్లలో, నీళ్ళు పీల్చని గుడ్డల తయారీలో వాడతారు.

ఇంతవరకూ బానే ఉంది. అసలు కథ రెండో ప్రపంచయుద్ధంలో మొదలవుతుంది. ఉత్త పెట్రోలు భగ్గున మండి ఆరిపోతుంది, అదే చిక్కగా ఉంటే తగిలిన చోట అతుక్కుని నింపాదిగా మండుతుంది. చిక్కబరచడానికి అమెరికా వాళ్ళు రబ్బరు వాడేవారు. 1941 డిసెంబర్లో జపాన్ మలయా మీద పడటంతో రబ్బరుకి కటకట వచ్చింది. అప్పుడు హార్వర్డులో లూయీ ఫీజర్ (1939లో విటమిన్ కె తయారుచేసిన వాళ్ళలో ఒకాయన) బృందం 1942లో అల్యూమినియం సబ్బుల పొడి కనిపెట్టింది. నాఫ్తెనేట్, పామిటేట్ కలిపి నాపామ్. తమాషా ఏంటంటే, అందులో 'పామిటేట్' అన్న సరుకు నిజానికి కొబ్బరినూనె ఆమ్లాలే, ఎక్కువగా లారిక్ ఆమ్లం. పేరు పెట్టడంలో బగ్ అన్నమాట!

1943లో యూటా ఎడారిలో, డగ్‌వేలో, దీన్ని పరీక్షించడానికి జర్మన్, జపనీస్ ఇళ్ళు కట్టారు. వాటి డిజైన్లకి ఎరిక్ మెండెల్‌సన్, ఆంటొనిన్ రేమండ్ లాంటి పేరున్న ఆర్కిటెక్టులు పనిచేశారు. లోపల ఫర్నిచరుతో సహా, జపాన్ ఇళ్ళల్లో పరిచే తతామీ చాపలతో సహా. టెస్ట్ ఎన్విరాన్‌మెంట్ అచ్చం ప్రొడక్షన్‌లా ఉండాలని మన లీడ్‌లు మొత్తుకుంటారే, అంత శ్రద్ధగా. కాల్చేశాక మళ్ళీ కట్టడం, మళ్ళీ కాల్చడం.

1945 మార్చి 9 రాత్రి టోక్యో మీద బి-29 విమానాలు ఈ బాంబులు కురిపించాయి. తెల్లారేసరికి సుమారు లక్షమంది పోయారని అంచనా. హిరోషిమా గురించి స్కూల్లో చదువుకున్నాం గానీ, ఈ రాత్రి గురించి ఎవరూ చెప్పలేదు మనకి.

వియత్నాం నాటికి వచ్చిన నాపామ్-బిలో సబ్బే లేదు: పాలీస్టైరీన్, బెంజీన్, పెట్రోలు. పాత కోడంతా తీసేసినా ప్రాజెక్టు పేరు మిగిలిపోయినట్టు, పేరొక్కటే మిగిలింది. 1972 జూన్‌లో బట్టల్లేకుండా ఏడుస్తూ పరిగెత్తిన ఆ తొమ్మిదేళ్ళ పాప ఫోటోతో ఆ పేరు లోకమంతా తెలిసింది.

ఆ యుద్ధం నడుస్తున్నప్పుడు ఫీజర్‌ని అడిగారు. తనకిచ్చింది అత్యవసరమైన ఒక టెక్నికల్ సమస్య, దాని మీద పనిచేశాను, మంచిచెడ్డలు తేల్చే హక్కు నాకు లేదు అనే అర్థంలో చెప్పాడాయన. మనుషుల మీద వాడతారని అనుకోలేదనీ అన్నాడు. మొదటి మాట అర్థమవుతుంది, మన ఉద్యోగాల్లో రోజూ వినేదే. రెండోది మాత్రం నాకు మింగుడు పడదు. డగ్‌వేలో కట్టింది ఫ్యాక్టరీలు కాదు, కూలిజనం కాపురముండే ఇళ్ళు.