తలకిందుల అయిదు

"గడియారం కొనడానికి ఇంత చరిత్ర చదవాలా నాన్నా?" అని మా అమ్మాయి నవ్వింది. మామూలు గడియారానికైతే అక్కరలేదు. నేను కొనదలచినది నిక్సీ దీపాల గడియారం. కోరినవి రెండే గుణాలు: గది ఆ చివరినుంచి చూసినా స్పష్టంగా తెలిసే వెలుగు, జేబుకు భారం కాని వెల. ఈ రెండూ ఒకచోట దొరకడం ఎందుకంత కష్టమో తెలుసుకోబోయి చాలా వెనక్కి వెళ్ళవలసి వచ్చింది.

ఈ దీపాన్ని నేను మొదట చూసింది కళాశాల భౌతికశాస్త్ర ప్రయోగశాలలో, ఒక మూలన దుమ్ము పట్టిన పాత కొలత పరికరంలో. మీట నొక్కగానే గాజు బుడ్డీలలో నిప్పుకణికల వంటి అంకెలు లేచాయి. ఒక అంకె కాస్త ముందుకు, ఇంకొకటి కాస్త లోతుగా కనిపించేవి. ఆనాటి ప్రయోగం ఏమిటో ఇప్పుడు గుర్తు లేదు, ఆ అంకెలు మాత్రం గుర్తున్నాయి.

నియాన్ వాయువును 1898లో లండన్‌లో విలియం రామ్సే, మోరిస్ ట్రావర్స్ కనుగొన్నారు. 1910లో పారిస్‌లో జార్జ్ క్లాడ్ దానిని గొట్టాలలో నింపి వెలిగించి చూపాడు. వీధి పలకలకెక్కిన ఆ వెలుగు అంకెలలోకి రావడానికి మరో నాలుగున్నర దశాబ్దాలు పట్టింది. అమెరికాలో హైడూ సోదరుల చిన్న కర్మాగారం అటువంటి దీపాలను తయారు చేసింది. కూడికల యంత్రాలకు పేరుపడ్డ బరోస్ సంస్థ ఆ కర్మాగారాన్ని కొనుక్కుని 1955లో వాటిని విపణిలోకి తెచ్చింది. 'న్యూమరిక్ ఇండికేటర్ ఎక్స్‌పెరిమెంటల్' అన్న మాటలను కుదించి, ఒకటో నమూనా కనుక చివర రోమన్ ఒకటి చేర్చి, 'నిక్స్ ఐ' అని రాసుకున్నారనీ, అదే నిక్సీ అయిందనీ చెబుతారు. జర్మను జానపద కథలలో నిక్సీ అంటే నీటిలో ఉండే ఒక మాయావి. పేరు ముందు నచ్చి, అర్థం తరువాత అతికించారేమోనన్న అనుమానం కూడా ఉంది. నా మొగ్గు ఆ అనుమానం వైపే.

దీపం లోపల సున్న నుంచి తొమ్మిది వరకు పది అంకెలు పలుచని లోహంతో చేసి, ఒకదాని వెనుక ఒకటి పేర్చి ఉంటాయి. ఇవి ఋణధ్రువాలు. వాటి ముందు సన్నని జల్లెడ వంటి ధనధ్రువం ఉంటుంది. సుమారు 170 వోల్టులు ఇస్తే, ఎంచుకున్న అంకెను అంటిపెట్టుకున్న వాయువు వెలుగుతుంది. లోహం కాలి వెలగడం లేదన్నమాట. మామూలు బల్బులోలాగా ఎర్రగా కాగే తీగ ఇందులో లేదు.

అసలు చిక్కు ఇక్కడే ఉంది. విద్యుత్తు ఎక్కువ పంపితే వెలుగు పెరుగుతుంది. దానితోపాటు అయాన్లు వచ్చి ఋణధ్రువాన్ని గుద్దే జోరూ పెరిగి, లోహపు రేణువులు రాలి, పక్కనున్న వెలగని అంకెల మీద పేరుకుంటాయి. చాలాకాలం వెలగని అంకెను ఎప్పుడో వెలిగిస్తే సగమే వెలుగుతుంది. ఇరవై నాలుగు గంటల గడియారంలో మొదటి స్థానానికి 0, 1, 2 తప్ప పని లేదు కదా! ఆ దీపంలో తక్కిన ఏడూ మసిబారినట్లవుతాయి. అవసరమే రాని అంకెలు పాడైతేనేమని అడగవచ్చు. నిజమే, ఆ దీపాన్ని ఇంకో స్థానానికి మార్చనంతవరకు నష్టం లేదు. కానీ మంచి గడియారాలు అప్పుడప్పుడు పది అంకెలనూ వరుసగా తిప్పుతాయి. చూసేవారు దాన్ని ఆటవిడుపు అనుకుంటారు, అది నిజానికి వైద్యం.

తొలినాటి దీపాల ఆయుర్దాయం సుమారు 5,000 గంటలు. రేయింబవళ్ళు వెలిగిస్తే ఏడు నెలలైనా నిండవు. తరువాత లోపల పిసరంత పాదరసం చేర్చి ఆ అరుగుదలను తగ్గించారు. చివరి రకాలలో కొన్ని 2,00,000 గంటల దాకా, అంటే ఇరవై రెండేళ్ళకు పైగా వెలిగేవి.

అంతటి ఆయుష్షు సాధించేసరికి వాటి కాలం చెల్లింది. 1972లో హ్యూలెట్ పాకార్డ్ వారి జేబు కాలిక్యులేటరులో ఎర్రని ఎల్ఈడీలు వెలిగాయి. 170 వోల్టులు అడిగే గాజు బుడ్డీకి జేబులో చోటెక్కడిది? సోవియట్ యూనియన్‌లో మాత్రం 1980లలోనూ చేశారు. ఇప్పుడు దొరికే దీపాలలో అధిక భాగం ఆ మిగులు సరుకే. చెక్ రిపబ్లిక్‌లో డాలిబోర్ ఫార్నీ అనే ఆయన 2010ల నుంచి కొత్తవి చేతితో తయారు చేస్తున్నాడు. అవి చూడముచ్చటైనవి, నా స్తోమతుకు మించినవి.

సోవియట్ రకాలలో ఐఎన్-18 అంకె సుమారు 40 మిల్లీమీటర్ల ఎత్తు. ధర కూడా ఆ స్థాయిలోనే ఉంది. ఐఎన్-14, ఐఎన్-12 అంకెలు ఇంచుమించు 18 మిల్లీమీటర్లు. పద్నాలుగుకు పొడవాటి తీగలుంటాయి, టంకం వేసుకోవాలి. పన్నెండు సాకెట్టులో గుచ్చుకుంటుంది, చెడితే తీసి మార్చుకోవచ్చు. ఈ రెండింటిలోనూ అయిదుకు వేరే అచ్చు లేదు, రెండునే తలకిందులు చేశారు. ఖర్చు కలిసివస్తుందనే అయి ఉంటుందని నా ఊహ. కొందరికి అది కంటకమట. నాకు మాత్రం పాత బట్టను తిరగేసి కుట్టే దర్జీ పనితనం గుర్తుకు వచ్చింది.

చౌక గడియారాలలో కొన్ని నాలుగు దీపాలనూ ఒకేసారి వెలిగించవు. ఒక్కొక్కదానిని వంతులవారీగా, కంటికి తెలియనంత వేగంగా వెలిగిస్తాయి. ఒక్కొక్కటి పావువంతు సమయమే వెలుగుతుంది కనుక వెలుగు తగ్గుతుంది. ఆ లోటు కప్పడానికో ఏమో, అడుగున నీలిరంగు ఎల్ఈడీలు కొన్ని పెడతారు. నిప్పు కింద నీలం! ఆ అలంకారాన్ని నేను క్షమించలేకపోయాను. ప్రతి దీపాన్నీ నిరంతరంగా నడిపే రకం కావాలనుకున్నాను. సెకన్ల స్థానాలు వదులుకుంటే రెండు దీపాల ఖర్చు తగ్గింది. రాత్రి పదకొండు నుంచి ఉదయం ఆరు దాకా ఆర్పివేసే ఏర్పాటు ఉన్నది చూశాను. వోల్టుల సంగతి తెలుసు కనుక, లోపలి భాగాలు బయటికి కనిపించే రకం కాక పెట్టెలో మూసినదే తీసుకున్నాను.

నిరుడు వచ్చింది. ఐఎన్-12లు నాలుగు. బల్ల మీద పెట్టి వెలిగించిన సాయంత్రం మా అమ్మాయి చాలాసేపు కదలకుండా చూసింది. 19:25 అయింది.

"నాన్నా, ఈ రెండూ ఒకటేనా?" అంది, చివరి రెండు అంకెలనూ వేలితో చూపిస్తూ.