కారు టచ్‌స్క్రీన్‌కి 'హాప్టిక్' ఎందుకు? కొనేముందు తెలుసుకోవాల్సిన విషయాలు

పాత కార్లలో ఏసీ నాబ్ తిప్పితే చేతికే తెలిసిపోయేది. చూపు రోడ్డు మీదే ఉండేది. ఇప్పుడు చాలా కార్లలో నాబ్‌లు పోయి టచ్‌స్క్రీన్లు వచ్చాయి. నున్నటి అద్దం మీద ఏ బటన్ ఎక్కడుందో వేలికి తెలియదు, కళ్లతో వెతకాల్సిందే. గంటకు 100 కిలోమీటర్ల వేగంలో 2 సెకన్లు చూపు తిప్పితే, కారు సుమారు 55 మీటర్లు ముందుకు వెళ్లిపోతుంది.

హాప్టిక్ అంటే?

స్పర్శ ద్వారా డ్రైవర్‌కు సమాచారం ఇవ్వడం. స్క్రీన్ వెనక ఉండే చిన్న మోటారు లాంటి పరికరం, వేలితో నొక్కగానే కొద్దిగా అదురుతుంది. బటన్ నొక్కినట్టే అనిపిస్తుంది. పని అయిందా లేదా అని మళ్లీ చూడక్కర్లేదు.

ఎలా వచ్చింది?

2001లో బీఎండబ్ల్యూ 7 సిరీస్‌లో వచ్చిన ఐడ్రైవ్ నాబ్, మెనూని బట్టి చేతికి వేర్వేరుగా తగిలేది. 2004లో సిట్రోయెన్ సీ4 కారు లేన్ దాటుతుంటే, ఏ వైపు దాటుతోందో సీటులో ఆ వైపే వైబ్రేషన్ ఇచ్చేది. 2017లో ఆడి ఏ8 స్క్రీన్లకే ఈ స్పర్శ వచ్చింది.

లోటు ఎక్కడ?

నొక్కిన తర్వాతే ఇది జవాబిస్తుంది. నొక్కాల్సిన చోటు వెతకడానికి మాత్రం కళ్లు కావాలి. 2022లో స్వీడన్‌కు చెందిన ఒక కార్ల పత్రిక గంటకు 110 కిలోమీటర్ల వేగంలో పరీక్ష పెట్టింది. ఏసీ, రేడియో లాంటి నాలుగు పనులు చేయడానికి బటన్లున్న 2005 వోల్వో వీ70లో 10 సెకన్లు పట్టింది. ఆలోపు కారు వెళ్లిన దూరం 306 మీటర్లు. టచ్‌స్క్రీన్ ఉన్న ఎంజీ మార్వెల్ ఆర్‌లో అవే పనులకు 1,372 మీటర్లు!

అందుకే యూరో ఎన్‌క్యాప్ సంస్థ 2026 నుంచి ఇండికేటర్, హజార్డ్ లైట్లు, వైపర్, హారన్, ఎమర్జెన్సీ కాల్‌కు విడిగా బటన్లో, లివర్లో లేకపోతే రేటింగ్‌లో పాయింట్లు తగ్గిస్తోంది.

మనం ఏం చేయాలి?

షోరూమ్‌కి వెళ్లినప్పుడు స్క్రీన్ ఎంత పెద్దదో చూసి మురిసిపోకండి. ఆగి ఉన్న కారులో కూర్చుని, చూపు ఎదురుగా పెట్టి ఏసీ తగ్గించి, వైపర్ వేసి చూడండి. వెతుక్కోవాల్సి వస్తే, పిల్లాపాపలతో హైవే ఎక్కినప్పుడు కూడా అదే పరిస్థితి. ఇప్పటికే అలాంటి కారు ఉంటే మ్యాప్, ఏసీ బయల్దేరే ముందే సెట్ చేసుకోండి. దారిలో ఏదైనా మార్చాలంటే ఆ పని పక్క సీటులో ఉన్నవారికి అప్పగించండి.