మాసనామం నుండి అంకెకు: నల్లగొండ, పాలమూరు కాలసూచికల గణన

శాసనాలను, రెవెన్యూ పత్రాలను కంప్యూటర్ పట్టికలలోకి ఎక్కించేటప్పుడు మాసనామాలను అంకెలుగా మార్చడం అతిసులభమని తోస్తుంది. చైత్రం 1, ఫాల్గుణం 12 అని ఒక జాబితా ఇస్తే ప్రోగ్రాం మిగతా పని చేసుకుంటుంది. దక్షిణ తెలంగాణ ఆధారాలను పరిశీలిస్తే ఈ సులభత్వం ఎక్కడ బెడిసికొడుతుందో తెలుస్తుంది.

నల్లగొండ జిల్లా నకిరేకల్ సమీపంలోని చందుపట్ల శాసనం ఇందుకు ఉత్తమ నిదర్శనం. పువ్వుల ముమ్మడి అనే సేవకుడు రాణి రుద్రమకు, సేనాని మల్లికార్జున నాయకునికి పుణ్యలోకప్రాప్తి కోరి చేసిన భూదానం ఇందులో నమోదైంది. కాలం శక 1211, విరోధి సంవత్సరం, మార్గశిర శుద్ధ ద్వాదశి. మార్గశిరం తొమ్మిదో మాసం కనుక 9 అని నింపి, దానినే ఆంగ్లమాసంగా చదివితే సెప్టెంబరు అవుతుంది. నిజానికది 1289 నవంబరు 27.

సంవత్సరం విషయంలోనూ సందేహానికి చోటుంది. 1211ను గతశకంగా గ్రహిస్తే 1289, వర్తమానశకంగా గ్రహిస్తే 1288. ఇక్కడ తీర్పు చెప్పేది సంవత్సరనామమే. గతశకానికి 12 కలిపి 60చేత భాగిస్తే శేషం ప్రభవాది క్రమసంఖ్య అవుతుంది. 1223లో శేషం 23, అది విరోధి. వర్తమానశకం అనుకుంటే 22, అంటే సర్వధారి రావాలి. (శేషం సున్న వస్తే అరవయ్యోదైన అక్షయ. ప్రోగ్రాం రాసేవారు తరచుగా తప్పేది ఇక్కడే.) అంకెలోని సందిగ్ధతను పదం తీర్చింది. అలాగని పదమొక్కటే చాలదు. విరోధి 1229లోనూ వచ్చింది, 2009లోనూ వచ్చింది.

ఈ గణన కేవలం పంచాంగ వినోదం కాదు. రుద్రమ పాలన 1295 వరకు సాగిందని చరిత్రకారులు చాలాకాలం భావించారు. చందుపట్ల తేదీ ఆ అభిప్రాయాన్ని మార్చింది. అయితే శాసనం చెప్పేది దానతిథి. మరణం అంతకు కొన్నాళ్ల ముందు జరిగి ఉండవచ్చు. పట్టికలో ‘మరణ తేదీ’ అన్న గడిలో దీనిని నింపడం సమంజసం కాదని ఈ వ్యాసకర్త అభిప్రాయం.

నిజాం కాలపు పత్రాల చిక్కు మరో విధమైనది. అక్కడ ఫసలీ సంవత్సరం, పారశీక మాసనామాలు కనిపిస్తాయి. ఇరాన్ సౌర పంచాంగంలో ఆజర్ తొమ్మిదో నెల, ఫర్వర్దీన్ మొదటిది. హైదరాబాదు ఫసలీలో సంవత్సరారంభమే ఆజూరు, అక్టోబరు మొదటి వారంలో. ఒకే పేరుకు ఒకచోట 9, మరొకచోట 1 విలువలు. ఇరాన్ జాబితాను అలాగే వాడుకున్న ప్రోగ్రాం ఒక్క దోషసూచనైనా ఇవ్వకుండానే తప్పు తేదీని నమోదు చేస్తుంది. దొరకని తప్పు ఇదే.

క్రీస్తుశకంలోకి మార్చేటప్పుడు అక్టోబరు–డిసెంబరు నెలలకు 590, తరువాతి నెలలకు 591 కలపాలి. జాగీర్ల రద్దు శాసనం 1358 ఫసలీ అన్నది 1949 ఆగస్టుకు సరిపోయేది ఇలాగే. మద్రాసు ప్రాంతపు ఫసలీ జూలై 1న మొదలయ్యేది. కనుక తుంగభద్రకు ఆవలి ఒడ్డు పత్రాన్ని, ఆలంపురం వైపు పత్రాన్ని ఒకే సూత్రంతో మార్చరాదు.

పాలమూరు పహాణీలలోని పేరును తొలగించి అంకెను మాత్రమే మిగిల్చిన పట్టికలో ఈ తేడాను తిరిగి పట్టుకునే మార్గం ఉండదు. మూలపదం, అది ఏ పంచాంగానికి చెందినదో తెలిపే గుర్తు, అంకె అనే మూడింటికీ వేర్వేరు గడులు కేటాయించవలసి ఉంటుంది.