డి అంటే డెల్టా: ఫోన్లో అక్షరాలు చెప్పే పద్ధతి ఎక్కడి నుంచి వచ్చింది?

మాది కట్టడాల పని. సైటు మీద మనుషుల్ని చూసుకోవడం, సామాను తెప్పించడం, లెక్క అప్పజెప్పడం మా బాధ్యత. రెండేళ్ళ కిందట మా సైటులో జరిగిన సంగతితో మొదలుపెడతాం.

పెద్ద సైటు. నాలుగు గేట్లు: ఎ, బి, సి, డి. ఒకరోజు మధ్యాహ్నం మనవాళ్ళలో ఒక తమ్ముడు నిచ్చెన మీంచి జారిపడ్డాడు. పక్కనున్నతను వెంటనే 911కి ఫోన్ చేశాడు. అడ్రసు చెప్పాడు, "గేట్ డి" అని రెండుసార్లు అరిచి మరీ చెప్పాడు. వెనక కంప్రెసర్ మోత. అవతలివాళ్ళకి వినపడింది "గేట్ బి". అంబులెన్స్ వచ్చి తాళం వేసిన గేటు ముందు నిలబడింది. రెండు గేట్ల మధ్య పునాది గోతులు. మళ్ళీ రోడ్డెక్కి చుట్టూ తిరిగి రావాలి. దేవుడి దయవల్ల పడ్డ తమ్ముడికి కాలు విరగడంతో పోయింది. కానీ ఫోన్ చేసినతను మాత్రం వారం రోజులు సరిగ్గా అన్నం తినలేదు. "నా ఇంగ్లీషు వల్లే అన్నా, నా యాస వల్లే" అంటాడు.

అతని యాస తప్పేం లేదని చెప్పడానికే ఈ వ్యాసం రాస్తున్నాం.

ఇంగ్లీషు అక్షరాల పేర్లు ఒకసారి పైకి చదివి చూడండి. బి, సి, డి, ఇ, జి, పి, టి, వి. అన్నిటికీ తోక ఒకటే. అమెరికావాళ్ళు జడ్‌ని "జీ" అంటారు కాబట్టి ఇక్కడ అదీ ఈ గుంపులోకే వస్తుంది. పైగా తెలుగు నోట్లో జి, జడ్ రెండూ "జీ"లాగే పలుకుతాయి. ఎం, ఎన్ ఇంకో జంట. ఎఫ్, ఎస్ మరో జంట. ఇక ఫోన్ సంగతి: పాతకాలం నుంచి వస్తున్న మామూలు లైను సుమారు 300 నుంచి 3,400 హెర్ట్జ్ దాకా ఉన్న శబ్దాన్నే మోస్తుంది. మనిషి గొంతులో ఎఫ్‌కీ ఎస్‌కీ తేడా చూపించే బుసలో ఎక్కువ భాగం అంతకన్నా పైన ఉంటుంది. అది లైనులోనే రాలిపోతుంది. అందుకే ఇక్కడే పుట్టి పెరిగిన తెల్లాయన కూడా ఫోన్లో పేరు చెప్పేటప్పుడు "ఎన్ యాజ్ ఇన్ నాన్సీ" అంటాడు. ఇబ్బంది అక్షరంలో ఉంది, లైనులో ఉంది, మోతలో ఉంది. మన ఒక్కరి నోట్లోనే లేదు.

అక్షరానికి ఒక మాట తోడిచ్చి చెప్పడం మనకి కొత్తేం కాదు. బళ్ళో పంతులుగారు అ అమ్మ, ఆ ఆవు అనే నేర్పారు. ర ఏదో తేల్చి చెప్పాల్సి వస్తే "బండి ఱ" అంటాం. ఊళ్ళో ఫోన్లో ఇంగ్లీషు అక్షరం చెప్పాల్సొస్తే "డి ఫర్ ఢిల్లీ, బి ఫర్ బొంబాయి" అంటాం. ప్రపంచమంతా చేసిందీ ఈ పనే. కాకపోతే ఎవరి మాటలు తోడివ్వాలి అన్న దగ్గరే పేచీ వచ్చింది. అసలు చరిత్ర అదే.

మొదట్లో ఎవరి పట్టిక వాళ్ళది. అమెరికాలో తంతి సంస్థ వెస్టర్న్ యూనియన్ వాళ్ళు ఆడమ్స్, బోస్టన్, షికాగో, డెన్వర్ అని చెప్పేవాళ్ళు. అమెరికన్‌కి తెలిసిన పేర్లూ ఊళ్ళూ అన్నమాట. మొదటి ప్రపంచ యుద్ధంలో బ్రిటిష్ సిగ్నల్ సిపాయిలు ఎ అక్షరాన్ని "ఆక్", పి అక్షరాన్ని "పిప్", ఎం అక్షరాన్ని "ఎమ్మా" అన్నారు. ఉదయాన్ని సూచించే ఎ.ఎం. వాళ్ళ నోట్లో "ఆక్ ఎమ్మా", సాయంత్రం పి.ఎం. "పిప్ ఎమ్మా" అయ్యాయి. పోలీసులు తమకంటూ ఇంకో వరస పెట్టుకున్నారు: ఆడమ్, బాయ్, చార్లెస్, డేవిడ్. 1941లో అమెరికా సైన్యం, నౌకాదళం కలిసి ఒకే పట్టిక పెట్టుకున్నాయి: ఏబుల్, బేకర్, చార్లీ, డాగ్. 1943లో బ్రిటిష్ వైమానిక దళం కూడా దాన్నే తీసుకుంది.

యుద్ధం అయిపోయేసరికి ఆకాశంలో విమానాలు పెరిగాయి. 1944 డిసెంబరులో షికాగోలో దేశాలన్నీ కూర్చుని పౌర విమానయానానికి ఒక ఒడంబడిక రాసుకున్నాయి. దాని నుంచే అంతర్జాతీయ పౌర విమానయాన సంస్థ పుట్టింది. కెనడాలోని మాంట్రియాల్ దాని ముఖ్య కేంద్రం. అక్కడ ఈ పేచీ పైకొచ్చింది. "ఏబుల్, బేకర్ ఇంగ్లీషు వాళ్ళ నోటికి సుఖంగానే ఉంటాయి, మా నోటికి తిరగవు" అన్నది మిగతా దేశాల గోడు. లాటిన్ అమెరికాలో అయితే ఆనా, బ్రెజిల్, కోకో అంటూ వేరే పట్టికే నడిచింది. పైలట్ ఒక దేశంవాడు, కింద టవర్లో మనిషి ఇంకో దేశంవాడు. ఇద్దరికీ ఇంగ్లీషు సొంతభాష కాకపోవచ్చు. అక్షరం తప్పు వింటే పోయేవి ప్రాణాలు.

అప్పుడు ఈ పనిని మాంట్రియాల్ విశ్వవిద్యాలయంలో భాషాశాస్త్రం చెప్పే ఝాఁ పాల్ వినే అనే ప్రొఫెసర్‌కి అప్పగించారు. పెట్టుకున్న నియమాలు చూడండి: ఆ మాట ఇంగ్లీషు, ఫ్రెంచి, స్పానిష్ మూడింటిలోనూ వాడుకలో ఉండాలి, ఏ భాష పైలట్ అయినా సులువుగా పలకాలి, విని గుర్తుపట్టాలి, రేడియోలో స్పష్టంగా వినపడాలి, ఎవరికీ చెడ్డ అర్థం తట్టకూడదు. ఆ పట్టిక 1951 నవంబర్ 1 నుంచి పౌర విమానాల్లో అమలైంది.

అయితే వెంటనే కుదరలేదు. అప్పట్లో ఎన్‌కి "నెక్టర్", ఎక్స్‌కి "ఎక్స్‌ట్రా". రేడియో గరగరలో నెక్టర్, విక్టర్ ఒకటిగా వినపడేవి. డెల్టా, ఎక్స్‌ట్రా కలిసిపోయేవి. కొందరు పైలట్లు విసిగిపోయి పాత పట్టికకే వెళ్ళిపోయారు. మళ్ళీ పరీక్షలు మొదలుపెట్టారు. ముఖ్యంగా అమెరికా, బ్రిటన్ ప్రభుత్వాలు 31 దేశాలవాళ్ళ చేత పలికించి, వినిపించి చూశాయి. చివరికి సి, ఎం, ఎన్, యు, ఎక్స్ అనే ఐదు అక్షరాల మాటలు మార్చారు. 1956 మార్చి 1 నుంచి అమల్లోకి వచ్చిన ఆ పట్టికే ఇవాళ్టికీ నడుస్తోంది. నాటో సైన్యాలు కూడా దాన్నే తీసుకున్నాయి.

అందులో రెండు మాటల స్పెల్లింగ్ గమనించండి. ఆల్ఫాని పి, హెచ్ పెట్టి రాయలేదు, ఎఫ్ పెట్టి రాశారు. ఎందుకంటే పి, హెచ్ కలిస్తే "ఫ" అవుతుందని అన్ని దేశాలవాళ్ళకీ తెలియదు. జూలియెట్ చివర టి రెండుసార్లు రాశారు. ఒక్క టి ఉంటే ఫ్రెంచివాళ్ళు దాన్ని పలకకుండా వదిలేస్తారని. అంటే ఇంగ్లీషు సొంతం కాని మనిషి ఎక్కడ తడబడతాడో ముందే ఆలోచించి పెట్టారు. మనలాంటి వాళ్ళని లెక్కలోకి తీసుకుని చేసిన పట్టిక ఇది. దీన్ని వాడుకోవడానికి మొహమాటం దేనికి?

పట్టిక ఇదీ: ఎ ఆల్ఫా, బి బ్రావో, సి చార్లీ, డి డెల్టా, ఇ ఎకో, ఎఫ్ ఫాక్స్‌ట్రాట్, జి గోల్ఫ్, హెచ్ హోటెల్, ఐ ఇండియా, జె జూలియెట్, కె కిలో, ఎల్ లీమా, ఎం మైక్, ఎన్ నవంబర్, ఓ ఆస్కార్, పి పాపా, క్యూ కెబెక్, ఆర్ రోమియో, ఎస్ సియెరా, టి టాంగో, యు యూనిఫామ్, వి విక్టర్, డబుల్యూ విస్కీ, ఎక్స్ ఎక్స్‌రే, వై యాంకీ, జడ్ జూలూ.

వాడేటప్పుడు నాలుగు సంగతులు గుర్తుంచుకోవాలి. ఇవి మేము దెబ్బతిని నేర్చుకున్నవి.

ఒకటి, మన అలవాటు "ఎన్ ఫర్ నవంబర్". ఇక్కడివాళ్ళ చెవికి ఆ "ఫర్" నాలుగు అంకెలాగా వినపడే ప్రమాదం ఉంది. ఎన్, నాలుగు అని రాసేసుకుంటారు. "ఎన్ యాజ్ ఇన్ నవంబర్" అనాలి.

రెండు, "డబుల్ ఫైవ్, ట్రిపుల్ టూ" మన దగ్గర అందరికీ తెలుసు. ఇక్కడ చాలామంది తికమకపడతారు. ఒక్కో అంకె విడిగా చెప్పాలి. విమానాల రేడియోలో ఐదుని "ఫైఫ్" అనీ, తొమ్మిదిని "నైనర్" అనీ అంటారు, ఆ రెండూ కలిసిపోకుండా. మనం అంత దూరం పోనక్కర్లేదు, నిదానంగా చెప్తే చాలు.

మూడు, సున్నాని "ఓ" అనొద్దు, "జీరో" అనాలి. ఇంటికి డబ్బు పంపేటప్పుడు అడిగే ఐఎఫ్ఎస్‌సి కోడ్‌లో 11 గుర్తులుంటాయి. మొదటి నాలుగూ అక్షరాలు, ఐదోది ఎప్పుడూ సున్నాయే. అక్కడ "ఓ" అంటే కోడ్ తప్పుతుంది. ఓకీ సున్నాకీ ఉన్న ఈ తగాదా చూసే బండ్ల మీద ఉండే 17 గుర్తుల విన్ నంబర్లో ఐ, ఓ, క్యూ అక్షరాలు అసలు వాడరు.

నాలుగు, చెప్పింది తిరిగి చదవమని అడగాలి. అవతలివాళ్ళు మన పట్టికలో మాట కాకుండా "నోరా", "డేవిడ్" అనొచ్చు. కంగారు పడొద్దు, మొదటి అక్షరం సరిపోతే చాలు.

ఇది ఫోన్ మీద పని జరిగే ప్రతిచోటా అక్కరకొస్తుంది. మన పేర్లే చూడండి. ఒక లక్ష్మి కె, ఎస్, హెచ్ పెట్టి రాస్తుంది, ఇంకో లక్ష్మి ఎక్స్ పెట్టి రాస్తుంది. స్వాతికి ఒకరు టి మాత్రమే పెడితే ఇంకొకరు హెచ్ కూడా చేరుస్తారు. జీతం చెక్కు మీద ఒక్క అక్షరం మారితే బ్యాంకులో తిరకాసు. ఇమ్మిగ్రేషన్ రసీదు నంబర్లో మూడు అక్షరాలు, పది అంకెలు. ఒక్కటి తప్పు చెప్పినా మన కేసు దొరకదు. ఇక 911 సంగతి చెప్పనే అక్కర్లేదు. 1968 ఫిబ్రవరి 16న అలబామాలోని హేలీవిల్ ఊళ్ళో మొదటి 911 కాల్ మోగింది. ఇవాళ సెల్‌ఫోన్ మనం ఎక్కడున్నామో సుమారుగా చూపిస్తుంది గానీ ఏ గేటో, ఏ అపార్ట్‌మెంటో చెప్పేది మన నోరే.

ఆ ప్రమాదం తర్వాత మా సైటులో గేట్ల బోర్డులు మార్చాం. అక్షరం కింద పెద్దగా ఆల్ఫా, బ్రావో, చార్లీ, డెల్టా అని రాయించాం. పొద్దున పని మొదలయ్యే ముందు జరిగే భద్రతా సమావేశంలో ఒక్కొక్కరి చేత వాళ్ళ పేరు ఈ పద్ధతిలో చెప్పిస్తున్నాం. మొదట్లో నవ్వుకున్నారు. ఇప్పుడు ఇంటికెళ్ళి పిల్లల దగ్గర చెప్తున్నారట.

ఆ రోజు ఫోన్ చేసినతను మొన్న జీతాల ఆఫీసుకి ఫోన్లో తన ఇంటిపేరు చెప్తుంటే పక్కనే ఉన్నాం. నిదానంగా, అరవకుండా, ఒక్కో అక్షరం చెప్పాడు. అవతలామె ఒక్కసారికే రాసుకుని తిరిగి చదివింది. సరిపోయింది. ఫోన్ పెట్టేసి మా వైపు చూసి, "యాస అదేగా అన్నా" అన్నాడు.